చిత్తూరు నుంచి మాన్‌హైమ్ దాకా పల్ప్ డ్రమ్ములు: రిస్క్ ఎక్కడెక్కడ, ఎవరి నెత్తిన?

తోతాపురి_తమ్ముడు:
అందరికీ నమస్తే. చిత్తూరు పక్కన ఒక మామిడి పల్ప్ (గుజ్జు) ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూస్తా ఉంటాను. ఇంతవరకు మాది గేటు దగ్గర అమ్మేసే బేరమే, మర్చంట్ ఎక్స్‌పోర్టర్ వచ్చి లోడ్ చేసుకుని పోతాడు, ఆ తర్వాత సరుకు ఏమైనా మాకు పట్టింపు లేదు. ఈ సీజన్ మా ఓనర్ సారు నేరుగా జర్మనీ పార్టీతో మాట్లాడి ఆర్డర్ తెచ్చినారు. తోతాపురి అసెప్టిక్ పల్ప్ (క్రిములు లేకుండా చేసి సంచిలో సీల్ చేసింది), 215 కేజీల డ్రమ్ములు, ఇరవై అడుగుల కంటైనర్‌కి 80. ముందు ఎఫ్‌ఓబీ చెన్నై (చెన్నైలో ఓడెక్కించేదాకా మా పని) అనుకున్నారు, ఇప్పుడు సీఐపీ మాన్‌హైమ్‌కి (జర్మనీలో ఆ ఊరి దాకా కిరాయి, ఇన్సూరెన్స్ మాదే) కూడా కోట్ ఇమ్మని అడుగుతా ఉండారు. అంటే మా గేటు నుంచి లారీ, చెన్నైలో ఓడ, కొలంబోలో ఇంకో ఓడ, రోటర్‌డామ్‌లో దించి రైన్ నదిలో బార్జి (సరుకు పడవ), అక్కడ మళ్లీ లారీ. సారు "రిస్క్ అసెస్‌మెంట్ ఒకటి రాసుకుని రా" అన్నారు. ఎక్సెల్‌లో లారీ, ఓడ, బార్జి అని మూడు వరసలు పెట్టుకుని కూచున్నా, ముందుకి కదల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గేట్‌పాస్_గిరి:
మాది పుత్తూరు, పని చెన్నైలో, ఫార్వార్డింగ్ (వేరేవాళ్ల సరుకుకి లారీ, ఓడ ఏర్పాటు చేసి పంపడం). ఆ మూడు వరసలు తీసెయ్ తమ్ముడూ. బండి రోడ్డు మీద పోతా ఉన్నంతసేపు, ఓడ నీళ్లలో ఉన్నంతసేపు సరుకు చాలావరకు బాగానే ఉంటాది, ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారే దగ్గరే తిప్పలన్నీ. ఆ చోట్లు వరసగా రాసుకో: మీ ప్లాట్‌ఫాం మీంచి కంటైనర్‌లోకి, గేటులో ట్రైలర్‌వాడికి, చెన్నై టెర్మినల్ గేటు, ఓడ ఎక్కేది, కొలంబోలో దిగి యార్డులో పడి ఉండి ఇంకో ఓడ ఎక్కేది, రోటర్‌డామ్, బార్జి, మాన్‌హైమ్ లారీ, పార్టీ గోడౌన్. ఒక్కో చోట మూడే అడుగు. ఆ క్షణం నుంచి సరుకు ఎవరి చేతిలో ఉంది, అది చెప్పే కాగితం ఏది, ఏదన్నా అయితే మనకి ఎప్పుడు తెలుస్తాది. మూడోదానికి "మాన్‌హైమ్‌లో తలుపు తీసినప్పుడు" అని జవాబొస్తే ఆ గడికి ఎర్రరంగు కొట్టు. కొలంబో యార్డు దాదాపు అందరికీ ఎర్రగడే, అక్కడ మన మనిషి ఎవరూ ఉండరు, ట్రాకింగ్‌లో దిగింది, ఎక్కింది అని రెండు ముక్కలు కనిపిస్తాయి అంతే.

సర్వేయర్_మామ:
గిరి చెప్పింది బాగుంది గానీ మొదటి చోటునే ఒక్క ముక్కలో దాటేశాడు. నేను కార్గో సర్వే చేసేవాణ్ణి, చూసిన డ్యామేజిల్లో చాలా వాటికి మూలం ఓడలో లేదు, ఫ్యాక్టరీ ప్లాట్‌ఫాం మీద ఉంది.

80 డ్రమ్ములంటే కింద 40, పైన 40. పల్పే 17.2 టన్నులు, డ్రమ్ముల బరువు కలిపితే పద్దెనిమిది దాటుతుంది. కంటైనర్‌లో సరుకు సర్దడానికి ఐఎంఓ, ఐఎల్‌ఓ, యూఎన్‌ఈసీఈ అనే ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి 2014లో తెచ్చిన సీటీయూ కోడ్ ఒకటి ఉంది, దాని ప్రకారం రోడ్డు మీద గట్టి బ్రేకు పడితే సరుకు బరువులో 0.8 వంతు జోరుతో ముందుకి తోస్తుందని లెక్క వేసుకోవాలి. కంటైనర్ ముందు గోడని, తలుపుల్ని టెస్ట్ చేసేదేమో పేలోడ్‌లో (కంటైనర్ మోయగల సరుకు బరువులో) 0.4 వంతుకి, పక్క గోడల్ని 0.6కి. అంటే గోడ ఆపుతుందిలే అనుకుని ఖాళీలు వదిలేస్తే గోడ ఉబ్బుతుంది, వెనక్కి కొడితే తలుపు దగ్గరి డ్రమ్ములు తలుపు మీదికి ఒరిగి, మాన్‌హైమ్‌లో తెరిచేవాడి కాళ్ల మీద పడతాయి. రెండు అంతస్తుల మధ్య ప్లైవుడ్ షీట్ వెయ్యండి, వరసల మధ్య ఖాళీ ఉంటే గాలి సంచులు పెట్టండి, తలుపు వైపు ఆఖరి వరసకి బెల్టు కట్టండి. బెల్టు బిగించినాక చేత్తో లాగి చూడండి, ఊరికే ఫొటో కోసం కట్టే బెల్టులు చాలా చూశాను.

లోడింగ్‌కి ముందు ఖాళీ కంటైనర్ లోపల ఒక మనిషి నిలబడి తలుపులు మూయించుకోవాలి. చీకట్లో ఎక్కడన్నా సూదిమొనంత వెలుతురు కనిపిస్తే ఆ కంటైనర్ వాపస్. ఫ్లోర్ చెక్క తడిగా ఉన్నా, రసాయనం వాసన కొట్టినా వాపస్. చెక్క ప్యాలెట్లు వాడేట్టయితే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి (పురుగులు చావడానికి చెక్క లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసినట్టు), పచ్చి చెక్క అయితే ఆ తేమంతా దారిలో ఆవిరై పైకప్పుకి పట్టి చినుకుల్లా డ్రమ్ముల మీదే కారుతుంది. అసెప్టిక్ బ్యాగులో పల్ప్‌కి ఏమీ కాదు, కానీ డ్రమ్ము అంచు చుట్టూ తుప్పు పట్టి, లేబుల్ ఊడి, బ్యాచ్ నంబర్ చెరిగిపోతే పార్టీ క్వాలిటీ వాళ్లు తీసుకోరు. సరుకు మంచిదే, రిజెక్టు మాత్రం ఖాయం.

ఏపీ03_పాతబండి:
అన్నలు పెద్ద పెద్ద మాటలు జెప్తా ఉండారు, నేను బండి తోలేవాణ్ణి, నా మాట కూడా రాసుకోండి. చిత్తూరు, రాణిపేట, శ్రీపెరంబుదూర్, ఆడ్నించి పోర్టు. నూటాయాభై కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు బాగానే ఉండాది. రిస్కు రోడ్డు మీద కాదు, మీ ఆఫీసులో పుడతాది. మధ్యాన్నం లోడింగ్ అని పిలుస్తారు, సాయంత్రం దాకా డ్రమ్ములు రావు, ఏమంటే లేబుల్ ప్రింటర్ చెడిపోయింది అంటారు, రాత్రి పదికి సీల్ వేసి తెల్లారేలోపల పోర్టు గేటు కటాఫ్ (అది దాటితే కంటైనర్ తీసుకోరు) ఉంది పరిగెత్తు అంటారు. పగలంతా ఎండలో మీ గేటు ముందర పడిగాపులు పడినోడు రాత్రి ఏం తోలతాడు సామీ? నిద్ర ఆపుకోలేక యాడో గుద్దితే డ్రైవర్ నెగ్లిజెన్స్ అని రాస్తారు.

ఇంకొకటి, ట్రైలర్‌కి నాలుగు మూలలా ట్విస్ట్ లాక్‌లు (కంటైనర్‌ని బండికి బిగించే గొళ్లాలు) ఉంటాయి, పాత బండ్లల్లో ఒకటో రెండో పనిచెయ్యవు, తాడు కట్టి పంపిస్తారు. బండి గేటు దాటకముందు ఎవురన్నా కిందికి వంగి నాలుగూ తిరిగినాయా అని చూసినారా? సీల్ ఫొటో మాత్రం నాలుగు సార్లు తీస్తారు.

పలమనేరు_గ్రానైట్:
పాతబండి అన్న మాట నూటికి నూరు నిజం. మాది గ్రానైట్, మొగిలి ఘాట్‌లో దిగేటప్పుడు తెలుస్తాది లాషింగ్ (సరుకుని చైనుతో కట్టడం) విలువ. బ్లాకు ఒక్క జానెడు జరిగిందంటే ఇంగ బండిని దేవుడే కాపాడాల. చైను కట్టింది ఎవరు, చూసింది ఎవరు అని ట్రిప్పు షీట్‌లో సంతకం పెట్టించడం మొదలుపెట్టినాక మా లోడింగ్ వాళ్లు ఒకటికి రెండుసార్లు చూసి బిగిస్తా ఉండారు. ఒక డౌటు, తమ్ముడు సరుకు రైల్లో చెన్నైకి పంపితే కొంత తగ్గదా?

గేట్‌పాస్_గిరి:
ఇంత దగ్గరికి రైలు దండగ అన్నా. రైలెక్కించడానికి ఒక లిఫ్టు, చెన్నైలో దించడానికి ఒక లిఫ్టు, ఆ రెండు చోట్లా యార్డులో కాపలా. రోడ్డు రిస్కు తగ్గుద్దేమో గానీ రెండు చేతులు ఎక్కువవుతాయి. ఢిల్లీ వైపు పోయే సరుకైతే లెక్క వేరే. 2020 లాక్‌డౌన్‌లో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్ల రైలు దూద్ దురంతో నడిచింది గదా, అంత దూరానికి రైలే మేలు.

శ్రీసిటీ_స్టోర్స్:
రైలు మాట వచ్చింది కాబట్టి. మేము శ్రీసిటీలో ఎలక్ట్రానిక్ పార్టులు దిగుమతి చేసుకుంటాం, కొంత సరుకు ఉత్తరాదికి పంపుతాం. మా రిస్క్ షీట్‌లో చాలాకాలం "హైవే ఆగితే రైలు, రైలు ఆగితే హైవే" అని రాసి ఆకుపచ్చ రంగు కొట్టి పెట్టుకున్నారు. 2021 నవంబర్ వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడులో పెన్నా పొంగి ఎన్‌హెచ్ 16 తెగింది, అదే పడుగుపాడులో రైలు పట్టాల మీదా నీళ్లే. అవి రెండూ ఒకదాని పక్కన ఒకటి అదే నదిని దాటుతాయి మరి. సరే రేణిగుంట నుంచి కడప మీదుగా తిప్పుదామంటే, ఆ రోజుల్లోనే అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట, నందలూరు మధ్య ట్రాక్ కొట్టుకుపోయింది. పేపర్ మీద మూడు దార్లు, ఒక్క వాయుగుండం వానకి మూడూ పోయాయి.

అందుకే ఆ ప్రాబబిలిటీని (జరిగే అవకాశం) ఇంపాక్ట్‌తో (జరిగితే నష్టం) గుణించే షీట్లంటే నాకు పెద్ద నమ్మకం లేదు. చీటికిమాటికి జరిగే చిన్నవీ, పదేళ్లకోసారి వచ్చి ముంచేవీ ఒకే మార్కు తెచ్చుకుని పక్కపక్కన కూచుంటాయి. బ్యాకప్ దారి రాసేటప్పుడు రెండు దార్లకీ ఉమ్మడిగా ఏముంది అని చూడండి, ఒకే నది, ఒకే పోర్టు గేటు, ఒకే ట్రాన్స్‌పోర్టరు. ఉమ్మడిది ఉంటే అది బ్యాకప్ కాదు. అక్టోబర్, డిసెంబర్ మధ్య చెన్నై షిప్‌మెంట్ పెట్టుకుంటే మాత్రం కటాఫ్‌కి ముందు ఒకట్రెండు రోజులు చేతిలో ఉంచుకోండి, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నై ఎట్లా మునిగిందో అందరం చూశాం.

తోతాపురి_తమ్ముడు:
అన్నలందరికీ థ్యాంక్స్, షీట్ మొత్తం మార్చేశా. ఇంకో విషయం, మా సారు ఎఫ్‌ఓబీయే సేఫ్ అంటారు, చెన్నైలో ఓడెక్కించేస్తే మన పని అయిపోయింది, సీఐపీ అయితే జర్మనీ దాకా మన పీకల మీదే అని. పైగా చెన్నై దాకా మన సొంత ట్రైలరే పెడదాం, డబ్బు మిగుల్తుంది అంటారు. కరెక్టేనా?

పాలసీ_పద్మ:
తిరుపతిలో మెరైన్ ఇన్సూరెన్స్ చూస్తాను. మీ సారుది చాలామందికి ఉండే అపోహే, నిజం దాదాపు తలకిందులుగా ఉంటుంది.

ఎఫ్‌ఓబీలో సరుకు ఓడ మీదికి చేరేదాకా రిస్క్ మీది. కొనేవాడి పాలసీ మామూలుగా అక్కడి నుంచే పని చేస్తుంది. అంటే చిత్తూరు నుంచి చెన్నై రోడ్డు, టెర్మినల్ యార్డులో ఓడ కోసం పడి ఉన్న రోజులు, ఇవన్నీ మీవి, వేరే ఇన్‌లాండ్ పాలసీ తీసుకోకపోతే ఎవరి కవరూ లేదు. కంటైనర్ సరుకుకి ఎఫ్‌ఓబీ వద్దు, ఎఫ్‌సీఏ (రవాణా చేసేవాడికి సరుకు అప్పగించగానే రిస్క్ కొనేవాడికి మారే పద్ధతి) వాడమని ఇన్‌కోటర్మ్స్ (ఎఫ్‌ఓబీ, సీఐపీ లాంటి షరతుల అంతర్జాతీయ నియమాలు) రాసేవాళ్లే చెప్తారు, మనోళ్లు వినరు.

సీఐపీలో కిరాయి, ఇన్సూరెన్స్ మాన్‌హైమ్ దాకా మీరే కట్టాలి, నిజమే. కానీ రిస్క్ మాత్రం మొదటి క్యారియర్‌కి (రవాణా చేసేవాడికి) సరుకు అప్పగించిన చోటే కొనేవాడికి మారిపోతుంది. ఫార్వార్డర్ పెట్టిన ట్రైలర్ మీ గేటులో సరుకు తీసుకుంటే, కాంట్రాక్టులో వేరే చోటు రాసుకోకపోతే, అక్కడే మారిపోయినట్టు. సొంత ట్రైలర్ పెట్టారనుకోండి, మీ బండి మీకు క్యారియర్ కాదు, ఆ రోడ్డంతా మళ్లీ మీ నెత్తినే. నాలుగు రూపాయలు మిగుల్చుకోబోయి పోగొట్టుకునేది ఇదే.

పాలసీ సంగతి. ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం సీఐఎఫ్‌కి (పోర్టు దాకా కిరాయి, ఇన్సూరెన్స్ అమ్మేవాడు కట్టే పద్ధతి) కనీసం ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజ్ సి, సీఐపీకి క్లాజ్ ఎ. సి లో దొంగతనం లేదు, ఎ లో మినహాయింపులు తప్ప అన్నీ ఉంటాయి. యుద్ధం, సమ్మెలు దేనికైనా విడిగా చేర్పించుకోవాలి. ఇప్పుడు ఆ మినహాయింపులు చదవండి: ఆలస్యం వల్ల నష్టం ఇవ్వరు, ఓడ దారిలో ఎంత నానబెట్టినా అంతే. ప్యాకింగ్ సరిగా లేకపోతే ఇవ్వరు, 2009 క్లాజుల్లో ప్యాకింగ్ అంటే మీ మనుషులు కంటైనర్‌లో సర్దిన తీరు కూడా. సర్వేయర్ మామ చెప్పిన ప్లైవుడ్ షీట్ లేదనుకోండి, ఎంత ప్రీమియం కట్టినా క్లెయిమ్ అక్కడే ఆగుతుంది.

తోతాపురి_తమ్ముడు:
అమ్మో. మరి ఫార్వార్డర్ ఒకే మల్టీమోడల్ డాక్యుమెంట్ (లారీ, ఓడ, బార్జి అన్నింటికీ కలిపి ఒకే కాగితం) ఇస్తానంటా ఉండాడు, గేటు నుంచి గోడౌన్ దాకా బాధ్యత నాదే అంటాడు. అది ఉంటే ఇన్సూరెన్స్ తగ్గించుకోవచ్చు గదా అక్కా?

పాలసీ_పద్మ:
ఆ మాట నమ్మి ఇన్సూరెన్స్ మానుకోకండి. 1993 మల్టీమోడల్ ట్రాన్స్‌పోర్టేషన్ చట్టం కింద అతను డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ముందు ఆ నంబర్ అడగండి. సరుకు విలువ డిక్లేర్ చెయ్యకపోతే, ఎక్కడ పాడైందో తేలకపోతే, అతను ఇచ్చే పరిహారానికి పరిమితి కేజీకి 2 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్కకట్టే ద్రవ్య యూనిట్) లేదా ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది. మీ డ్రమ్ము 215 కేజీలు, కేజీ లెక్కన 430, కాబట్టి డ్రమ్ముకి 666.67 వస్తుంది. ఎస్‌డీఆర్ డాలర్ కంటే ఎక్కువే. టన్ను వెయ్యి డాలర్లు అనుకున్నా మీ డ్రమ్ములో ఉన్న పల్ప్ విలువ 215 డాలర్లు. కాబట్టి మీకు పరిమితి అడ్డం కాదు, బరువెక్కువ, ఖరీదు తక్కువ సరుకు మీది. శ్రీసిటీ గారి ఇరవై కేజీల సర్క్యూట్ బోర్డుల పెట్టెకి కూడా అదే 666.67, వాళ్లకి అది ఏ మూలకీ చాలదు.

కానీ కిటుకు ఇంకోచోట ఉంది. ఫలానా దశలో పాడైంది అని తేలితే పరిమితి ఆ దశకి వర్తించే చట్టం ప్రకారం మారిపోతుంది. మన రోడ్డు మీద అయితే 2007 రోడ్డు రవాణా చట్టం, దాని రూల్స్ ప్రకారం ఎక్కువ విలువ డిక్లేర్ చెయ్యకపోతే కిరాయికి పది రెట్లే. కిరాయి ఇరవై వేలు అనుకుందాం, వచ్చేది రెండు లక్షలు. కంటైనర్ పల్ప్ పదిహేడు వేల డాలర్లు, రూపాయల్లో మీరే చూసుకోండి. ఫార్వార్డింగ్ నోట్‌లో (లారీకి సరుకు ఇచ్చేటప్పుడు రాసే కాగితం) విలువ రాయించండి, కాస్త కిరాయి ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి.

ఇంకా గడువులు. పైకి కనిపించని డ్యామేజి అయితే డెలివరీ తర్వాత వరుసగా ఆరు రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే సరుకు బాగానే చేరినట్టు లెక్క, అది కాదని నిరూపించాల్సిన బరువు మీ మీద పడుతుంది. కోర్టుకి పోవడానికి తొమ్మిది నెలలే. నోటీసు ఇవ్వాల్సింది జర్మనీ గోడౌన్ వాడు, మీరు కాదు, కాబట్టి ఈ ఆరు రోజుల సంగతి కాంట్రాక్టులోనే వాడికి చెప్పి ఉంచండి.

సర్వేయర్_మామ:
పద్మమ్మ చెప్పిన దాంట్లో ఒక్కటి కలుపుతా, జనరల్ యావరేజ్. 2021 మార్చిలో ఎవర్ గివెన్ సూయజ్‌లో ఆరు రోజులు అడ్డం పడింది, 2024 మార్చిలో డాలి బాల్టిమోర్ వంతెనని గుద్దింది, రెండింటికీ జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడని కాపాడటానికి అయిన ఖర్చులో, అందులో ఉన్న ప్రతి కంటైనర్ ఓనరూ వాటా కట్టాలి, వాడి సరుకుకి గీత కూడా పడకపోయినా. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ గ్యారంటీ ఇస్తుంది, సరుకు వదుల్తారు. లేకపోతే డబ్బు డిపాజిట్ చేసేదాకా సరుకు రోటర్‌డామ్‌లోనే. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 ఏకంగా 640 కంటైనర్లతో మునిగింది, రెండు వారాలకే కేరళ తీరానికి దూరంగా వాన్ హై 503 తగలబడింది. పక్క కంటైనర్‌లో ఏముందో మన చేతిలో లేదు.

తోతాపురి_తమ్ముడు:
గిరన్నా, ఎర్ర సముద్రం, రైన్ నది సంగతి? అవి షీట్‌లో ఎట్లా రాయాలి?

గేట్‌పాస్_గిరి:
ఎర్ర సముద్రంలో 2023 నవంబర్‌లో యెమెన్ హౌతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడని పట్టుకున్నప్పటి నుంచి ఓడలు ఆఫ్రికా కింద కేప్ చుట్టి పోవడం మొదలైంది, పది నుంచి పద్నాలుగు రోజులు అదనం. నీ పల్ప్‌కి పర్లేదు, అసెప్టిక్‌కి చల్లదనం అక్కర్లేదు. దెబ్బ డబ్బు మీద పడుద్ది, పేమెంట్ సరుకు చేరినాక అని ఒప్పుకుని ఉంటే మీ వర్కింగ్ క్యాపిటల్ అన్నాళ్లూ సముద్రంలోనే. అడ్వాన్స్ ఎంత, ఓడెక్కిన బిల్లు మీద ఎంత అని ఇప్పుడే తేల్చుకోండి. ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే పేమెంట్ హామీ) అయితే ఆఖరి షిప్‌మెంట్ తేదీ చెన్నై వానల్ని లెక్కేసుకుని పెట్టించు.

రైన్‌లో మాన్‌హైమ్‌కి పోవాలంటే కౌబ్ అనే ఊరి దగ్గర లోతు తక్కువ చోటు దాటాలి. 2022 ఆగస్టులో అక్కడి గేజి 40 సెంటీమీటర్ల కిందికి పోయింది (అది గేజి రీడింగ్, నది మొత్తం లోతు కాదు). అట్లాంటప్పుడు బార్జీలు సగం కూడా నింపవు, ఉన్నదానికి లో వాటర్ సర్‌చార్జి వేస్తారు. సీఐపీలో కిరాయి మీది కాబట్టి ఆ సర్‌చార్జి కూడా మీకే వచ్చే ప్రమాదం ఉంది, "లో వాటర్ సర్‌చార్జి కొనేవారి ఖాతా" అని కోట్‌లో ఒక్క లైను రాయండి, లేదా నీళ్లు తగ్గితే రోటర్‌డామ్ నుంచి రైలుకి మార్చే హక్కు మీకుంచుకోండి. మీరు జులైలో ప్రాసెస్ చేసి ఆగస్టులో పంపితే, కేప్ చుట్టి పోయేసరికి అక్టోబర్, అప్పుడూ రైన్ తక్కువగా ఉండే కాలమే.

తోతాపురి_తమ్ముడు:
సారుతో మాట్లాడినా. సీఐపీకే ఒప్పుకున్నారు, అప్పగింత మా గేటులోనే అని రాయిస్తాం, సొంత ట్రైలర్ వద్దు, పాలసీ క్లాజ్ ఎ, దానితో యుద్ధం, సమ్మె కవర్. గేటు దగ్గర ఒక చెక్‌షీట్ పెడతా ఉండాం: ఖాళీ కంటైనర్ వెలుతురు టెస్టు, సర్దేటప్పుడు వరస వరసకీ ఫొటో, వేబ్రిడ్జి మీద వీజీఎం (సరుకుతో సహా కంటైనర్ మొత్తం బరువు), బోల్ట్ సీల్ నంబర్, ట్విస్ట్ లాక్‌లు నాలుగూ, డ్రైవర్ సంతకం టైముతో సహా. లో వాటర్ లైను కూడా పెట్టినాం, పార్టీ ఇంకా జవాబు ఇవ్వలేదు.

ఏపీ03_పాతబండి:
డ్రైవర్ సంతకం సరే తమ్ముడూ, బండి మీ గేటుకి వచ్చిన టైము, లోడింగ్ మొదలైన టైము కూడా అదే కాగితం మీద రాయి, ఆఫీసోళ్ల సంతకంతో. పోర్టు గేటు కాడ ఒక రాత్రి దాటితే వెయిటింగ్ ఎవురు ఇస్తారో కూడా ముందే తేల్చు, లేదంటే మా ఓనరు నా బత్తాలో కోస్తాడు.